ఓటు వేళ మోగిన ఫోను

పొద్దున్నే పాలకేంద్రం ఆవిడ పళ్ళ సంచీతో వచ్చి, గడపలోనే గొంతు తగ్గించి, "మామగారికి ఎలా ఉందమ్మా?" అని అడిగింది. కోడలు పాలగిన్నె పొయ్యి మీద పెడుతూ, ఎలా ఉంటారు, బానే ఉన్నారంది. ఆవిడ కళ్ళొత్తుకుంది. గుండెనొప్పి అంటే మాటలా, నువ్వు గట్టిదానివి కాబట్టి తట్టుకున్నావు, పాపం అందుకే కదా మీ ఆయన, మన ఎంపీ గారు, పార్లమెంటులో ఓటు కూడా వెయ్యకుండా బయటికి పరిగెత్తారు, రాత్రి టీవీలో ఆయనే చెప్పారు అని, సంచీ అక్కడ పెట్టి, పేషెంటు నిద్ర చెడుతుందన్నట్టు చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.

కోడలు పెరట్లోకి తొంగి చూసింది. పేషెంటు గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చుక్కావుని బ్రష్షు పెట్టి తోముతున్నాడు. తోక ఆడించావంటే చూసుకో అని దాన్ని బెదిరిస్తున్నాడు. ఆ గొంతు వింటే ఎవరికైనా గుండె ఆగాలి గానీ, ఆయనకి ఆగేలా లేదు.

ఆమెకి సంగతి మెల్లగా ఎక్కింది.

ఆమె భర్తని ఊరంతా పాలాయన అంటారు. బయటి దేశాల పాలపొడిని సుంకం లేకుండా దించుకోవచ్చన్న బిల్లు మీద నిన్న పార్లమెంటులో ఆయన మాట్లాడిన తీరుకి ఊరు ఊరంతా పొంగిపోయింది. ఆ పొడి వస్తే ఇక్కడి పాలు కొనేవాడుండడని, ఊరి చివర పాలపొడి ఫ్యాక్టరీకి తాళం పడుతుందని, ఆవులు అమ్ముకున్న రైతు తన ముఖం తను అద్దంలో చూసుకోలేడని బల్ల గుద్ది మరీ చెప్పాడు. సొంత పార్టీ తెచ్చిన బిల్లునే అలా ఉతికేస్తుంటే మామగారు ఫోన్లో అదే ప్రసంగం పదేపదే పెట్టుకుని విన్నాడు. ఆవుకి కూడా వినిపించాడు.

నిన్న మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. పదవి వచ్చాక పెళ్ళాంతో తీరిగ్గా మాట్లాడిందే లేదు. అలాంటిది కొత్త దూడ పాలు తాగుతోందా, నీ కాలిలో ముల్లు దిగింది కదా, తగ్గిందా అని ఒక్కొక్కటే అడిగాడు. వెనకాల చెంచాల చప్పుడు వినిపించి, ఎక్కడున్నారండీ అంటే, క్యాంటీన్లో, ఖాళీగానే ఉన్నాను, నీతో మాట్లాడాలనిపించింది అన్నాడు. ఆమె కూర మాడిపోయినా పట్టించుకోలేదు. సాయంత్రం దాకా ఆ మాటలే తలుచుకుంటూ తనలో తను నవ్వుకుంది. సరిగ్గా ఆ వేళలోనే అక్కడ ఓటు జరిగిందని ఇప్పుడు తెలిసింది.

మధ్యాహ్నానికి పాలాయన కారు దిగాడు. వెనకే ఆయన పీఏ. దిగీ దిగగానే ఆ పీఏ ముందుగదిలో కిటికీ తెర లాగాడు, మంచం పక్కన స్టూలు వేశాడు, ఆమె తలనొప్పి మాత్రలు దాని మీద వరుసగా పేర్చాడు. దూరంగా నిలబడి అది చూసి, ఇంకో టానిక్కు సీసా ఉంటే బాగుండునన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. మామగారు ఒప్పుకోడులే, ఆ స్టూలు తీసి వీడి నెత్తిన పెడతాడులే అనుకుంది.

"నాకేమైందిరా?" అన్నాడు మామగారు.

"ఏం కాలేదు నాన్నా. రెండు రోజులు పడుకో, చాలు."

పెద్దాయన కొడుకు ముఖం కేసి చూశాడు. చేతులు కడుక్కుని వచ్చి, మారుమాట లేకుండా మంచమెక్కి, దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. వాడి పరువు కదమ్మా అని కోడలికి చెప్పాడు గానీ, ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు. ఆమెకి మొగుడి అబద్ధం కన్నా ఆ దుప్పటి ఎక్కువ రోత పుట్టించింది.

వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళడిగిన భర్తకి ఆమె గ్లాసు అందించలేదు.

"ఓటు వేళ నాకు ఫోన్ చేశారు," అంది.

ఆయన పీట లాక్కుని కూర్చున్నాడు. తర్వాత మెల్లగా విప్పాడు. మాట్లాడేది ఎంతైనా మాట్లాడుకో, ఓటు దగ్గర మాత్రం కనపడకు అని పార్టీ పెద్ద చెప్పాడట. కాదంటే పార్టీలో ఉండనివ్వడట. అయినా తానొక్కడు చెయ్యెత్తితే ఆగేదా, తానున్నా లేకున్నా ఆ బిల్లు నెగ్గేదేనట.

"నెగ్గేదే అయితే, మీరు కూర్చుంటే దానికేం పోయేది?"

"నీకు రాజకీయం తెలీదు."

"దూడ తెలుసు. నా కాలి ముల్లు తెలుసు. మీరు అడుగుతుంటే ఎంత మురిసిపోయానో అదీ తెలుసు. ఇప్పుడు తలుచుకుంటే ఒంటి మీద పురుగు పాకినట్టుంది. దాక్కోవడానికి మీకు నేనే దొరికానా?"

పాలాయన గ్లాసు తనే తీసుకుని నీళ్ళు ముంచుకున్నాడు. ఈలోగా వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

సాయంత్రానికి ముందుగది నిండిపోయింది. పాలు పోసే రైతులు, ఫ్యాక్టరీలో పొడి సంచులు కుట్టే ఆడవాళ్ళు, బాయిలర్ దగ్గర పనిచేసే పొడుగాయన. ఎవరూ నిలదియ్యడానికి రాలేదు. అదే అసలు బాధ. బిల్లు పెద్దల సభకి వెళ్ళి, మార్పులతో వచ్చే వారం మళ్ళీ మీ సభకే వస్తుందట కదా, అప్పటికి నాన్నగారు కోలుకుంటారులెండి అని పొడుగాయన ధైర్యం కూడా చెప్పాడు. సంచులు కుట్టే ముసలావిడ పళ్ళ పొట్లం ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కూర్చుని, పెద్దాయన కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

"ఓటు పోతే పోయింది బాబూ," అంది పాలాయనతో. "మా ఆయన పోయేటప్పుడు మా వాడు డ్యూటీలోనే ఉండిపోయాడు. వచ్చేసరికి అయిపోయింది. నువ్వు తండ్రి కోసం అన్నీ వదిలేసి పరిగెత్తావు. నిన్ను ఎవరైనా ఏమైనా అంటే నేనూరుకోను."

పాలాయన ముఖం నల్లబడింది. ఆవిడ చెయ్యి ఆయన మోచేతి మీద ఉంది. దాన్ని విడిపించుకోనూ లేడు, పట్టుకోనూ లేడు.

అప్పటికే పెరట్లో చుక్కావు అరుస్తోంది. పాలు పితికే వేళ దాటిపోయింది. కోడలు వెళ్ళి దూడని వదిలి, పొదుగు కడిగి, తనకి చేతనైనంతా చేసింది. పెద్దాయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడితే ఆ ఆవు చేపదు, పాలన్నీ పైకి బిగబట్టుకుంటుంది. ఆమె ఖాళీ బకెట్టుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. అరుపు ఇంకా పెరిగింది. పీఏ లేచి కిటికీ మూశాడు.

మంచం మీద దుప్పటి కదిలింది. దాని కింద పెద్దాయన వేళ్ళు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. కొంతసేపు ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోలేక దుప్పటి విసిరికొట్టి లేచాడు. "పొదుగు పగిలిపోతోందిరా దానికి," అని, కోడలి చేతిలో బకెట్టు లాక్కుని గబగబా పెరట్లోకి నడిచాడు. గుండె జబ్బు మనిషి నడక కాదది.

గదిలో ఎవరూ కదల్లేదు. పీఏ మాత్రం తడుముకోకుండా, నాన్నగారు మహా మొండండీ, డాక్టరు వద్దన్నా వినరు అని అందుకున్నాడు. ముసలావిడ అయ్యో అని లేవబోయింది. తప్పించుకోవడానికి దారి మళ్ళీ తెరుచుకుంది. కోడలు గుమ్మంలో నిలబడి భర్తనే చూసింది. ఇప్పుడు కూడా ఆ దారినే పోతే ఇక ఈ మనిషితో ఒక కప్పు కింద ఉండలేనని ఆమెకి తెలిసిపోయింది.

"నువ్వు ఆగవయ్యా," అన్నాడు పాలాయన. తల ఎత్తకుండానే చెప్పాడు. "మా నాన్నకి ఏమీ కాలేదు. ఇంటి నుంచి ఫోనూ రాలేదు. నేనే చేశాను. ఓటు జరుగుతుంటే క్యాంటీన్లో కూర్చుని తింటున్నాను."

ఎవరైనా తిడితే బాగుండేది. పొడుగాయన లేచి చెప్పులేసుకుంటూ, "మీ ప్రసంగం మా అమ్మాయి కంఠతా పట్టిందండీ," అన్నాడు. అంతే అన్నాడు. ముసలావిడ పాలాయన మోచేతి మీద నుంచి చెయ్యి తీసి, ఆ చేతిని చీర చెంగుకి తుడుచుకుంది. తెచ్చిన పళ్ళ పొట్లం తనే తీసుకుపోయింది.

పెరట్లో బకెట్టులో పాలధార మోగుతోంది. పాలాయన వెళ్ళి తండ్రి పక్కన నేల మీద కూలబడి ఏడ్చాడు. పెద్దాయన పితకడం ఆపకుండానే, "సిగ్గు నీ ఒక్కడిదే కాదులేరా, నేనూ పడుకున్నాను కదా," అన్నాడు. కోడలు దూడని పట్టుకుని అవతల నిలబడింది. ఆమె మనసు ఇంకా కరగలేదు. భర్త క్షమించమని అడిగితే ఒకటే మాట చెప్పింది.

"వచ్చే వారం ఆ వేళప్పుడు నాకు ఫోన్ చెయ్యకండి. అది చాలు."

ఆ రోజు రానే వచ్చింది. ఇంట్లో టీవీ పెట్టలేదు, పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. కోడలు ఫోను ఒళ్ళో పెట్టుకుని పశువులపాకలో కూర్చుంది. మామగారు దూడ మెడ నిమురుతూ మధ్యమధ్య ఆ ఫోను కేసే చూస్తున్నాడు. మోగితే ఇక ఏమీ మిగలదు. కాకి అరిచినా ఉలిక్కిపడింది. పొద్దు వాలింది, ఆవుని పితికారు, ఫోను మోగలేదు. మామగారు బకెట్టు దించి, అమ్మయ్య అని గట్టిగా ఊపిరి వదిలాడు.

చీకటి పడుతుండగా మోగింది.

"వ్యతిరేకంగా వేశాను," అన్నాడు పాలాయన. గొంతు బాగా అలిసి ఉంది. "అయినా బిల్లు నెగ్గింది. నన్ను పార్టీలోంచి తీసేశారు. రేపు బస్సులో వస్తాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగి, ముందు వాళ్ళకి ముఖం చూపించి వస్తాను."

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. చెంగుతో నోరు నొక్కుకుంది. ఆయన పాపం, వింటున్నావా, వింటున్నావా అని అడుగుతూనే ఉన్నాడు.

"వింటున్నాను," అంది చివరికి. "దూడ సంగతి అడగరేం?"