ఆఖరి రీలు తర్వాత చర్చ ఉంటుంది

ఫిల్మ్ క్లబ్బు సినిమాల సీజన్‌లో మూడో సినిమా ఆడుతుండగా ముందు వరుసల్లో ఒక మనిషి చనిపోయాడు. ఆ సంగతి చాలాసేపటిదాకా ఎవరికీ తెలియలేదు. ఆ ఫిల్మ్ క్లబ్బులో కథ ముగిసినా ఎవరూ లేవరు. తెరమీద చివరి పేరు వెళ్ళిపోయేదాకా చీకట్లో అలాగే కూర్చుంటారు. లైట్లు వేశాక చర్చకు దిగుతారు. ఆరోజు సెన్సార్‌షిప్ మీద వాదన ముదిరి పాకాన పడ్డాక, పక్క కుర్చీ ఆయన "మీరేమంటారండీ" అని భుజం తట్టితే ఆ మనిషి పక్కకు ఒరిగిపోయాడు. మెడ మీద సూది గుర్తు ఉంది. పొడిచినవాడు సినిమా సగంలోనే చీకట్లో జారుకున్నాడు.

"పోయింది మనవాడే" అన్నాడు గూఢచారి విభాగం చీఫ్, కిటికీ తెర దించుతూ. "బయటికి గుండెపోటు అని చెప్పించాం."

ఎదురుగా ఉన్న గోరింక కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. గోరింక అన్నది అతని కోడ్‌నేమ్. అసలు పేరు ఏమిటో సొంత సర్వీస్ ఫైల్‌కు కూడా సరిగ్గా తెలియదు.

చీఫ్ ఒక ఫోటో బల్లమీదికి తోశాడు. నెరిసిన గడ్డం, నిద్రలేని కళ్ళు. "ఎడిటర్. సరిహద్దు అవతల పత్రిక నడిపి జైలుకెళ్ళాడు. ఇప్పుడు మన రక్షణలో ఉన్నాడు. ఆదివారం ఆ క్లబ్బులో 'అధికారం, ప్రజలు' సీజన్‌కి ఆఖరి సినిమా. అయ్యాక ఈయన మాట్లాడతాడు. అవతలి గూఢచారుల రింగ్ మన డిపార్ట్‌మెంట్‌లో ఒకణ్ణి కొనేసింది. ఆ పేరు ఈయనకి తెలుసు."

"అదేదో మనకే చెప్పొచ్చుగా సార్."

"చెప్తే వినేది ఆ కొనబడ్డవాడేనేమో అని భయం. తప్పు పట్టలేం. నలుగురి ముందు మైక్‌లోనే చెప్తానంటున్నాడు. ఆ మైక్ దాకా ఆయన ప్రాణంతో చేరాలి. నీ మిషన్ అంతే."

"లోపల మనవాళ్ళు ఉన్నారా?"

"ఒకరున్నారు. ఎవరన్నది నీకు అనవసరం. 'కుర్చీలు మడిచే పని నాది' అన్నవాళ్ళని నమ్ము. మిగతా అందర్నీ అనుమానించు."

కింది అంతస్తులో గాడ్జెట్ల సెక్షన్. దాని ఆఫీసర్‌ను డిపార్ట్‌మెంట్ అంతా బాబాయ్ అని పిలుస్తుంది. ఎవరు ఫీల్డ్‌కు వెళ్తున్నా కన్నకొడుకును పరీక్షకు పంపుతున్నంత హడావిడి చేస్తాడు. ఆయనే గోరింక మణికట్టుకు వాచీ కట్టాడు.

"హాలు గుమ్మంలో పట్టా కింద డిటెక్టర్ పెట్టిస్తాను నాన్నా. తుపాకీ ఉన్నవాడు తొక్కితే ఈ వాచీ వణుకుతుంది. ఇదిగో, పెన్ను. ఎక్కడ వదిలితే అక్కడి మాటలు నీ చెవిలో పడతాయి. జాగ్రత్త. తిని వెళ్ళు."

క్లబ్బు ప్రెసిడెంట్ రిటైరైన పళ్ళ డాక్టర్. గోరింకను తన కాబోయే అల్లుడని చెప్పడానికి ఒప్పుకున్నాడు. వేరే ఊళ్ళో చదువుకుంటున్న ఆయన కూతురికి పాపం ఈ సంబంధం సంగతే తెలియదు. ఆదివారం మధ్యాహ్నం హాల్లో అడుగుపెట్టగానే నలుగురు ఆడవాళ్ళు గోరింకను ఎగాదిగా చూసి, మనిషి పరవాలేదు గానీ మాట తక్కువ అని తేల్చేశారు.

డాక్టర్ పాత్రలో పూర్తిగా మునిగిపోయాడు. "అల్లుడూ, టార్చి నేలమీదికి పట్టు. మొహాలమీద కొట్టకు. జనం సినిమాకొచ్చారు, పళ్ళు పీకించుకోవడానికి కాదు."

మడతకుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. ప్రొజెక్టర్ వెనకాల పొట్టి బల్లమీద ఉంది. దాని వెలుగు కూర్చున్నవాళ్ళ తలల మీదుగా జానెడు ఎత్తులో పోతుంది. గుమ్మం దగ్గర టికెట్లు చింపుతున్నది క్లబ్ సెక్రటరీ. నల్లటి దుస్తులు, మెడలో ఒంటిపేట ముత్యాలు. ఆవిడ నవ్వితే సభ్యత్వం రెన్యూ చేయించుకోని మగవాడు ఆ క్లబ్బులో లేడు. గోరింక పెన్నును ఆవిడ బల్లమీద మరిచిపోయినట్టు వదిలేశాడు.

జనం పట్టా తొక్కుకుంటూ వచ్చారు. వాచీ ఒక్కసారి కూడా వణకలేదు. గోరింక ఊపిరి పీల్చుకోబోతుండగా చెవిలో సెక్రటరీ గొంతు వినిపించింది. ఫోన్‌లో ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది.

"ముసలాయన ఆఖరి రీల్లో పక్క తలుపు నుంచి వస్తాడు. ముందు వరుస. కథ అయిపోయి మ్యూజిక్ రాగానే అందరూ లేస్తారు, తోసుకుంటారు. ఆ గొడవలో కాల్చేసి జనంలో కలిసిపో."

గోరింకకు ఒళ్ళు మండింది. గోడవైపు తిరిగి కాలర్ మైక్‌లో చీఫ్‌కు చెప్పాడు.

"ఆమెని ముట్టుకోకు" అన్నాడు చీఫ్. "ఆమెని పట్టుకుంటే షూటర్ ఎగిరిపోతాడు. వాడు నాకు కావాలి."

"ఎడిటర్ గారిని ఆపండి సార్."

"చెప్పి చూశాను. నోరు మూసుకుని బతకడం తనకి కొత్త కాదట, ఇక చేతకాదట."

లైట్లు ఆరిపోయాయి. సినిమా ఒక జైలు వంటవాడి కథ. గోరింకకు అందులో ఒక్క ముక్క ఎక్కలేదు. చీకట్లో వరస వెంట వరస వెతికాడు. అన్నీ తెరవైపు తిరిగిన మొహాలే. చేతుల్లో సంచులు, ఒళ్ళో మడిచిన కోట్లు. ఎవరినని పట్టుకుంటాడు? తుపాకీ లోపలికి రాలేదని వాచీ చెబుతోంది, వచ్చిందని పెన్ను చెబుతోంది. ఒకే చేయి ఇచ్చిన రెండింటిలో ఏదో ఒకటి అబద్ధం.

పక్క తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఎడిటర్ వచ్చి ముందు వరుసలో డాక్టర్ పక్కన కూర్చున్నాడు. ఫోటోలో కన్నా బక్కగా ఉన్నాడు. ఆ మెడను చూస్తే, మనిషి ఎంత తేలిగ్గా పోతాడోనని గోరింకకు భయమేసింది. తను మధ్య నడవలో మోకాళ్ళమీద కూర్చుని సిద్ధంగా ఉన్నాడు. జనం లేవగానే ఎడిటర్ మీదికి దూకి అడ్డం పడాలి.

తెరమీద జైలు గేటు మూసుకుంది. మ్యూజిక్ మొదలైంది. పేర్లు పైకి పాకసాగాయి.

గోరింక లేచాడు.

హాల్లో ఇంకెవరూ లేవలేదు. ఒక్కడు తప్ప.

తెరమీద రెండు నీడలు పడ్డాయి. ఒకటి గోరింకది. రెండోది మధ్య వరుసలో గోధుమరంగు కోటు మనిషిది. చుట్టూ జనం లేస్తారనుకున్నవాడు ఒంటరిగా నిలబడిపోయి దిక్కులు చూశాడు.

"కూర్చోండయ్యా, పేర్లు పడుతున్నాయి" అని నాలుగు మూలల నుంచి కేకలు. వెనక కుర్చీలో కళ్ళజోడు పెద్దావిడ కోటు అంచు పట్టుకుని లాగింది. "ఇంతమంది చూస్తుంటే అడ్డమేంటి నాయనా?"

వాడు తెగించాడు. తెరమీది నీడకు చేయి లేచింది. చేతి చివర పొడుగాటి గొట్టం.

గోరింక కుర్చీల మీదుగా దూకాడు. ఎవరి ఒళ్ళో కాలు పడిందో, ఎవరు తిట్టారో చూసుకోలేదు. వాడి మోచేతి కింద భుజంతో గుద్దాడు. తుస్సుమన్న చప్పుడుతో తూటా ఎడిటర్ తల పక్కనుంచి పోయి తెరకు చిల్లు పెట్టింది. ఇద్దరూ కుర్చీలతో సహా కూలారు. పిస్టల్ లాక్కుని, వాడి చేతులు వెనక్కి విరిచి బెల్టుతో కట్టేశాక గోరింక తలెత్తాడు.

ఎదురుగా సెక్రటరీ. గోరింక పిస్టల్ ఆవిడవైపు తిప్పబోయాడు.

"కుర్చీలు మడిచే పని నాది" అంది ఆవిడ.

గోరింక చేయి ఆగిపోయింది.

"అవతలి రింగ్ వాళ్ళు నన్ను తమ మనిషే అనుకుంటున్నారు. వీడు క్లబ్బుకి వచ్చిందల్లా ఆ సూది పొడిచినరోజు ఒక్కసారి, అదీ సగం సినిమాకే పారిపోయాడు. చివర్లో అందరూ లేస్తారంటే నమ్మేశాడు. లేచినవాణ్ణి పట్టుకుంటే సరిపోతుందనుకున్నా. మీరు కూడా లేస్తారని మాత్రం అనుకోలేదు. ఇద్దరు కనబడేసరికి ప్రాణం పోయినంత పనైంది."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా."

"మీ ఆఫీసు దాకా పోయే మాట ఏదైనా వాళ్ళకి ముందే తెలుస్తోందండీ. ఎవరికని చెప్పను?"

షూటర్‌ను పక్క తలుపు నుంచి తీసుకెళ్ళారు. సభ్యులు కాసేపు గాభరాపడ్డారు. తర్వాత నీడలవల్ల చివరి పేర్లు కనబడలేదనీ ఆఖరి రీలు మళ్ళీ వేయాలనీ పట్టుబట్టారు. ఎడిటర్ కూడా అదే న్యాయమన్నాడు. రీలు మళ్ళీ ఆడింది. ఈసారి గోరింక బుద్ధిగా కూర్చున్నాడు.

లైట్లు వేశాక ఎడిటర్ మైక్ అందుకుని, ఉపోద్ఘాతం లేకుండా ఆ అమ్ముడుపోయిన మనిషి హోదా, సెక్షన్ చెప్పాడు. గాడ్జెట్ల ఆఫీసర్.

తిని వెళ్ళమన్న మనిషి. తుపాకీ వచ్చినా వణకని ఆయన వాచీని గోరింక విప్పి జేబులో వేసుకున్నాడు.

"విన్నాను" అన్నాడు కాసేపటికి చెవిలో చీఫ్. "కింది అంతస్తుకి మనుషుల్ని పంపాను. పట్టుకున్నారు."

అంతలో రెండో వరుసలో రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన లేచి, తనది చిన్న ప్రశ్నేనన్నాడు. ప్రశ్నకు ముందు నేపథ్యం అవసరమన్నాడు. నేపథ్యం రాజ్యాంగాల పుట్టుక దగ్గర మొదలైంది. జైలుకు జడవని ఎడిటర్ కాపాడమన్నట్టు గోరింకవైపు చూశాడు.

"ఎడిటర్ క్షేమమేనా?" అడిగాడు చీఫ్.

"తూటా నుంచి క్షేమమే సార్" అన్నాడు గోరింక. "ప్రశ్న ఇంకా తగల్లేదు."