మొదటి ఐదొందల కిలోమీటర్లు

చిట్టి కొత్త బండి కొని రెండు వారాలు కాలేదు. అప్పుడే దాని ఇంజనాయిల్ గురించి సర్వీస్ సెంటర్లో ఇద్దరు మగవాళ్లు వాదించుకుంటున్నారు. ఒకరు ఆమె నాన్న, ఇంకొకరు సర్వీస్ సూపర్‌వైజర్. బండి ఎవరిదో ఆ మనిషిని మాత్రం ఇద్దరిలో ఎవరూ ఏమీ అడగలేదు.

"కొత్త ఇంజన్లో లోపలి ముక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ ఇనప రజనంతా ఆయిల్లోకి దిగుతుంది. అది ఎంత తొందరగా బయటికి పోతే అంత మంచిది. నేను లాంచీ ఇంజన్ల దగ్గరే తల పండించుకున్నాను బాబూ," అన్నాడు నాన్న.

"రజను దిగుతుంది, కాదనను సార్. కానీ రాపిడి ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడు మారిస్తే కొత్త ఆయిల్లోకి మళ్లీ అదే రజను దిగుతుంది. పుస్తకంలో ఐదొందల కిలోమీటర్లని రాశారు. మీ బండి నూటయాభై కూడా తిరగలేదు."

"పుస్తకం రాసినవాడు మా అమ్మాయితో పాటు కొండెక్కుతాడా?"

సూపర్‌వైజర్ చిట్టి వైపు చూశాడు. ఆమె గోడకున్న టైర్ల బొమ్మ చూస్తోంది.

సంగతేమిటంటే, చిట్టిది వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం. కొండమీది ఊళ్లో కొత్తగా ఆస్పత్రి తెరిచారు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం ఆమె అక్కడ చేరాలి. ఆ ఊళ్లో ఈ కంపెనీ సర్వీస్ సెంటర్ లేదు. చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పరీక్షలు చేయాలి కాబట్టి ఐదొందలు ఎక్కడో ఘాట్ రోడ్డు మధ్యలో దాటిపోతాయి. ఇప్పుడు మారిస్తే తొందర, తర్వాత మార్చాలంటే దిక్కులేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అయితే బండిని తిప్పండి," అన్నాడు సూపర్‌వైజర్. "వెళ్లేలోపు ఐదొందలు చేయించండి. ఆయిల్ నేనే మారుస్తాను."

చిట్టి మొదటిసారి నోరు విప్పింది. "ఎక్కడికి తిప్పాలి?"

"ఎక్కడికైనా. ఊరి వెలుపల చెరువు రోడ్డు బాగుంటుంది. ఒకే స్పీడులో పోకూడదు, పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. ఇంజన్‌ని బలవంతపెట్టకూడదు."

"దీనికి గేర్లు అలవాటై నెలన్నా కాలేదు," అన్నాడు నాన్న. "వెనక కూర్చుందామంటే నా మోకాలు వంగదు. ఆ రోడ్డు మీద ఒంటరిగా పంపను."

సూపర్‌వైజర్ చేతిలోని గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. "మా ఇల్లు అటువైపే సార్. సాయంత్రం డ్యూటీ దిగి అటే పోతాను. మేడమ్ వస్తానంటే ముందు నా బండి, వెనక ఆమె బండి."

నాన్న అతన్ని కిందినుంచి పైదాకా ఓసారి చూశాడు. తర్వాత కూతుర్ని చూశాడు. చిట్టి భుజాలెగరేసింది. వాళ్లింట్లో దానికి సరేనని అర్థం.

మర్నాటి నుంచి సాయంత్రాలు బండ్లు రెండూ చెరువు రోడ్డెక్కాయి. అతను ముందు, ఆమె వెనక. అతను చెయ్యి ఊపితే ఆమె గేరు మార్చాలి. మొదటి రోజు వాళ్లు మాట్లాడుకున్నది రెండే ముక్కలు: "క్లచ్ పూర్తిగా పట్టండి", "పట్టాను". రెండో రోజు కాస్త పెరిగింది. టీ బండి దగ్గర ఆగినప్పుడు ఆమె అడిగింది, "ఇలా అందరు కస్టమర్లతోనూ వస్తారా?"

"అందరూ కొండలెక్కి పోరు కదా."

ఆ జవాబు ఆమెకు నచ్చిందో లేదో అతనికి తెలియలేదు. చిట్టి ముఖం చూసి ఏదీ కనిపెట్టడం అంత తేలిక కాదు. రోజంతా గాజు గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ల ఎదుట ఏ భావమూ చూపకుండా కూర్చోవడం ఆమె వృత్తి. అదే ఇంటికీ అలవాటైపోయింది.

నాలుగో రోజు ఆమె కొంచెం ముందే సర్వీస్ సెంటర్‌కి వెళ్లింది. సూపర్‌వైజర్ కనిపించలేదు. బండ్లు కడిగే పెద్దాయన ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, "సార్ ఇప్పుడే వస్తారమ్మా. ఇంటికెళ్లి హెల్మెట్ తెచ్చుకుంటానన్నారు," అన్నాడు.

"అంత దూరం వెళ్లి వస్తారా?"

"దూరమేంటమ్మా, ఈ గోడ వెనకే. వాళ్లమ్మగారు కిటికీలోంచి పిలిస్తే ఇక్కడికి వినిపిస్తుంది."

చిట్టి ఆ సాయంత్రం మామూలుగానే అతని వెనక బండి నడిపింది. చెరువు దాటాక చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే వాన దంచికొట్టింది. మూసేసిన టైర్ల షాపు ముందు రేకుల కింద ఇద్దరూ ఆగారు. రేకుల మీద వాన చప్పుడుకి మాట వినపడాలంటే దగ్గరగా నిలబడాలి.

"మీ ఇల్లు ఈ రోడ్డులో ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

అతను నీళ్లు నమిలాడు. "ఇంకాస్త ముందుకెళ్లాలి."

"ముందుకెళితే భూమి చుట్టూ తిరిగి సర్వీస్ సెంటర్ వెనక్కి వస్తామేమో."

అతను తేలు కుట్టిన దొంగలా వాన వైపు తిరిగాడు. "ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"ఈ రోజే."

"మరి రావడం మానలేదే?"

"ఐదొందలు కావాలి కదా," అంది చిట్టి. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "మీ బండి చైను వదులైంది. రెండో రోజు నుంచీ వింటున్నాను," అంది.

"చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదు."

"ఇంకా ఏమేం వింటున్నారు?"

"హెల్మెట్లో పాడుకుంటారు. రెండో చరణం వచ్చేసరికి శ్రుతి జారిపోతుంది."

అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె పెదవి చివర మాత్రం ఓ పిసరు కదిలింది. ఆ పిసరు చూడటానికి ఇంకో వంద కిలోమీటర్లయినా రావచ్చనిపించింది అతనికి. వాన తగ్గాక కూడా ఇద్దరూ కాసేపు అక్కడే నిలబడ్డారు. ఎవరూ ఎందుకని అడగలేదు.

గురువారం సాయంత్రం మీటరు ఐదొందలు దాటింది. బండి ఆపి ఇద్దరూ వంగి చూశారు.

"అయితే రేపు మార్చేద్దామా?" అంది చిట్టి.

"రేపు కొంచెం రద్దీ. శనివారం చూద్దాం."

"దాటిపోతుంది కదా?"

"యాభై అటూ ఇటూ అయితే ఇంజన్‌కేం కాదు. రేపు కూడా ఓ రౌండ్ వేద్దాం."

ఆ మాటే అక్షరం మార్చకుండా ఇంట్లో చెప్పింది. నాన్న పేపరు కిందికి దించాడు. "యాభై అటూ ఇటూ అయితే ఏం కాదన్నాడా? ఆ పుస్తకం పిల్లాడేనా అన్నది?"

"ఆయనే."

నాన్న మళ్లీ పేపరు పైకెత్తుకున్నాడు. దాని వెనక చాలాసేపు పేజీ తిరగలేదు.

శనివారం ఇంజన్ వేడిగా ఉండగానే సూపర్‌వైజర్ కింద బోల్టు విప్పాడు. ఆయిల్ నల్లగా, సన్నటి ధారగా ట్రేలోకి దిగింది. వెలుగులోకి వంచితే అందులో వెండిపొడిలా మెరుపు. నాన్న ఓ చుక్క వేళ్ల మధ్య రాసి చూసుకుని, "బాగానే రాసుకున్నాయి," అన్నాడు. ఆ మాట ఏ ముక్కల గురించో తేల్చకుండా లేచాడు. "నేను బయట కూర్చుంటాను. లాంచీ మోతకి నా చెవులు ఎప్పుడో పోయాయి. మీరేం మాట్లాడుకున్నా నాకు వినపడదు."

ఆయన వెళ్లాక చిట్టి నెమ్మదిగా అంది. "ఆయన చెవులు పరీక్షించింది నేనే. బాగానే ఉన్నాయి."

సూపర్‌వైజర్ కొత్త ఫిల్టర్ బిగిస్తూ తల ఎత్తలేదు.

"మళ్లీ ఎప్పుడు మార్చాలి?"

"మూడు వేలకి."

"అంటే నాలుగైదు నెలలు."

"అవును," అన్నాడు. బోల్టు బిగిసిపోయినా స్పానర్ ఇంకా తిప్పుతున్నాడు. "మధ్యలో నేనొకసారి వచ్చి బండి చూస్తాను. ఘాట్ రోడ్డు కదా, బ్రేకులవీ."

"బండి కోసమైతే రావద్దు."

అతను లేచి నిలబడ్డాడు. నోటిదాకా ఏదో వచ్చింది. అంతలో కౌంటర్ దగ్గర ఎవరో కస్టమర్ గొంతు పెంచి పిలిచాడు. అతను అటు చూసి ఇటు తిరిగేసరికి, "వెళ్లండి, పిలుస్తున్నారు," అంది చిట్టి. ఎప్పటి ముఖమే. సోమవారం ఆమె కొండెక్కింది.

కొత్త ఆస్పత్రిలో పని గొడ్డుచాకిరీలా ఉంది. అద్దె గదికి ఒకటే కిటికీ, దాని కింద మలుపు తిరిగే రోడ్డు. బండి చప్పుడు వినపడ్డప్పుడల్లా ఆమె చెయ్యి ఓ క్షణం ఆగేది. అది తనకు తెలిసి, తన మీద తనకే కొంచెం చిరాకు వేసేది. వారం గడిచింది. ఇంకో వారం గడిచింది. రావద్దన్నది తనే కదా అని సరిపెట్టుకుంది.

మూడో ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టి ఉండగా నాన్న ఫోన్ చేశాడు.

"ఆ అబ్బాయి చేరాడా?"

"ఏ అబ్బాయి?"

"నిన్న ఇంటికొచ్చి నీ అడ్రస్ అడిగాడు. ఎందుకయ్యా, బండికేమైనా అయిందా అన్నాను. బండి సాకు వెనక దాక్కుంటాడేమోనని చూశాను. దాక్కోలేదు. మీ అమ్మాయి కోసమండీ అన్నాడు. అందుకే ఇచ్చాను. వాళ్లమ్మగారు కూడా వచ్చి వెళ్లారు. మంచి మనిషి. వస్తే తల తుడుచుకోమను, జలుబు చేస్తుంది."

చిట్టి కిటికీ దగ్గరికి వెళ్లి చెవులు రిక్కించింది. వాన తప్ప ఏ ఇంజన్ చప్పుడూ లేదు. అంతలో తలుపు చప్పుడైంది.

అతను గుమ్మంలో తడిసి ముద్దై నిలబడ్డాడు. చేతిలో హెల్మెట్ లేదు, గాలికి తిరగబడ్డ గొడుగుంది.

"బండేదీ?" అంది.

"బస్సులో వచ్చాను. బండి తెస్తే దాని గురించే మాట్లాడి వెళ్లిపోతాను. నా సంగతి నాకు తెలుసు." ఊపిరి తీసుకున్నాడు. "మీరు లేకపోతే ఆ చెరువు రోడ్డుకి నాకు పనేం లేదు. మీరు ఒప్పుకుంటే పెళ్లి చేసుకుందాం. ఆలోచించుకుంటానంటే ఆఖరి బస్సు సాయంత్రం ఉంది, అంతవరకూ కింద కూర్చుంటాను."

చిట్టి తువ్వాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఈసారి ముఖం దాచుకునే ప్రయత్నమేమీ చేయలేదు.

"కింద ఎందుకు," అంది, "తడిసిపోతారు. లోపలికి రండి."