కిడ్నీకి గృహప్రవేశం

"ఆగప్పా! నీ కడుపులో కిడ్నీ ఎవరిదో, ఏ గోత్రమో చెప్పి లోపలికి రా!"

గుంతకల్లు స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా పనిచేసే రామకృష్ణ అత్తారింటి గడప దగ్గరే ఆగిపోయాడు. రాయదుర్గంలో కిరాణా అంగడి శేషయ్య కూతురు సుమిత్రతో తాంబూలాలు అయ్యాక, మద్రాసులో కిడ్నీ ఆపరేషన్ చేయించుకుని ఇప్పుడే మొదటిసారి వాళ్లింటికి వస్తున్నాడు. అడ్డం నిల్చున్నది సుమిత్ర అవ్వ ఈశ్వరమ్మ. ఆ కిడ్నీ తమ గోత్రం వాళ్లదైతే పెళ్లికొడుకు పిల్లకి అన్నవుతాడని ఆవిడ బెంగ.

తలుపు వెనక సుమిత్ర కళ్లు కనిపించాయి. ఈ పిల్ల తప్పిపోతే తనకింకెవరూ వద్దనిపించింది రామకృష్ణకి.

"నాదే అవ్వా!"

"నీదే అయితే నీకే మళ్లా ఎందుకు పెట్టినారు? ముందు లేకుండెనా?"

"రాయి అడ్డంపడి మూత్రం గొట్టం చెడిపోయింది. మిగిలిన ముక్క కిందిదాకా అందలేదు. అందుకని కిడ్నీనే బయటికి తీసి, పొత్తికడుపులో పెట్టి కుట్టినారు."

"అంటే ఇల్లు మారింది."

"అంతే అవ్వా."

"ముహూర్తం?"

"ఆపరేషన్‌కి ముహూర్తమేంది? మంగళవారం చేసినారు."

"మంగళవారమా!" ఈశ్వరమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. రామకృష్ణ ప్రాణం ఉసూరుమంది.

సుమిత్ర కిసుక్కున నవ్వుతూ బయటికొచ్చింది. "అవ్వా, నేను ఇల్లు మారితే గోత్రం మారుతుంది. ఆ కిడ్నీ ఇల్లు మారినా గోత్రం వదల్లేదు. నాకంటే అదే నయం! ఇంట్లో చేరినాక పాలు పొంగిస్తే దోషం పోదా?"

అవ్వ ఆలోచించింది. శాస్త్రాన్ని కాదనలేకపోయింది. కుంపటి మీద పాలు పొంగించి, గ్లాసు రామకృష్ణ చేతిలో పెట్టింది.

"నీకు కాదప్పా, దానికి. తాగు!"

పెళ్లికి ముహూర్తం చూడమని శేషయ్యకి చెప్పడానికి ఆవిడ అంగట్లోకి పోయింది. రామకృష్ణ గొంతు తగ్గించాడు.

"సుమిత్రా, పొట్ట మీద ఇంత పొడుగు కుట్లు. తర్వాత బాధపడవు కదా?"

ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

"మీరు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నాకు అన్నం దిగలేదు. కిడ్నీ యాడన్నా ఉండనీండి. మీరు నా దగ్గర ఉండండి, అంతే."

గ్లాసు ఖాళీ అయిపోయినా రామకృష్ణ తాగుతూనే ఉన్నాడు.