తువ్వాల కింద సంధి

"ఏం సార్, మానవ హక్కుల ప్రకటనలో పదహారో ఆర్టికల్ ఏం చెప్తాది?"

చౌడేశ్వరి అడిగిన తీరుకు ఓబుళేసు కూర్చున్నచోటే సర్దుకున్నాడు. ధర్మవరంలో ఆమె నాయన ఈశ్వరప్ప పట్టుచీరల అంగడి అది. పరుపు మీద తండ్రి, ఎదురుగా కూతురు, మధ్యలో చిక్కుకుని ఇతను.

ఓబుళేసు అనంతపురం కాలేజీలో పొలిటికల్ సైన్సు ప్రొఫెసర్. ఏ దేశం ఏ దేశంతో ఎందుకు కొట్టుకుందో, ఆ కొట్లాటలో మామూలు మనిషి హక్కులు ఎట్లా నలిగాయో గంటలకొద్దీ చెప్పగలడు. అక్కడే హిస్టరీ చెప్పే చౌడేశ్వరితో మాత్రం, రెండేళ్లుగా ఒకే బస్సులో పోతున్నా, "ఎండలు ముదిరినాయి" అన్న మాట దాటలేదు.

రేపు ఢిల్లీ రైలెక్కాలి. పుస్తకం పని మీద ఏడాది అక్కడే. ఈలోగా ఆమెను ఎవరైనా తన్నుకుపోతారన్న కంగారుతో, సంబంధం మాట్లాడి రమ్మని మేనమామను ఈశ్వరప్ప దగ్గరికి పంపాడు. విషయం తెలిసిన చౌడేశ్వరి, "ఆయన్నే పిలిపించు నాయనా" అంది.

"చెప్పండి సార్."

"పెళ్లికి ఇద్దరి పూర్తి సమ్మతి ఉండాల."

"ఇద్దరంటే? మీ మామా, మా నాయనా?"

ఈశ్వరప్ప దగ్గుతూ నవ్వు దాచుకున్నాడు. ఓబుళేసు లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచి గడప దాకా పోయాడు. శ్రావణం వచ్చినా చినుకు లేదు.

"మేఘాలు కదిరి పక్కకు పోతాండాయి" అన్నాడు.

"వాటి సంగతి రేడియో చెప్తాది. మీ సంగతి చెప్పండి."

"నోరు పెగలకుంటే ఈడ కూర్చో అప్పా" అని ఈశ్వరప్ప భుజం మీది తువ్వాల తీశాడు. పట్టు కొనేటప్పుడు ఆయన ధర నోటితో చెప్పడు. తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి తేలుస్తాడు. "చెయ్యి పెట్టు. నువ్వూ పెట్టు పాపా."

తువ్వాల కింద గాజులు తగిలాయి. ఓబుళేసు ఆమె వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. ఈ మనిషి కాదంటే తను ఎక్కడికి పోయినా కుదురుండదని అప్పుడు బాగా తెలిసింది.

"కుదిరిందా?" అన్నాడు ఈశ్వరప్ప.

"లేదు నాయనా. చాటు ఒప్పందాలు నిలబడవని సారే క్లాసులో చెప్తాడు."

"మీరు నా క్లాసు విన్నారా?" అన్నాడు ఓబుళేసు.

"రెండేళ్లుగా వరండాలో నిలబడి వింటాండా. ఒక్కరోజన్నా బయటికొచ్చి నాతో మాట్లాడతారేమోనని."

ఓబుళేసు గొంతు సవరించుకున్నాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నా పట్టించుకోలేదు.

"చౌడేశ్వరీ, నన్ను చేసుకుంటావా? వద్దంటే వద్దని చెప్పు."

"చేసుకుంటా. ఏడాది మాత్రం ఆగను, ఆర్నెల్లే."

"ఆర్నెల్లలో పుస్తకం యాడ పూర్తవుతాది?"

"సార్."

"సరే, ఆర్నెల్లే."

ఈశ్వరప్ప తువ్వాల లాగి భుజాన వేసుకున్నాడు. చౌడేశ్వరి చెయ్యి మాత్రం తీయలేదు.