రీటా ఎర్ర హైహీల్స్

"ఆ విదేశీ ఓడ అయిదు గంటలకు లంగరెత్తుతుంది. మన నేవీ ఛానెల్ మ్యాపు మైక్రోఫిల్ము రూపంలో ఆలోగా ఓడ చేరితే అంతా అయిపోయినట్టే." చీఫ్ భీమశంకరరావు సిగరెట్ ఆర్పాడు. "ఫిల్ము తెచ్చేవాణ్ణి రీటా గుర్తుపడుతుంది. ఆ ముఠాలోంచి మనవైపు తిరిగిన మనిషి. గురునాథరావూ, నువ్వు ఆమెతో పడవలో ఓడ దాకా వెళ్లి వాణ్ణి పట్టుకో."

"నేను, సార్?" అంది ఏజెంట్ కాంతం.

"నువ్వు జెట్టీ మీద చేపలమ్ము. 'పండుగొప్ప' అని అరిస్తే అంతా క్షేమం. 'వంజరం' అంటే ద్రోహం."

ఆరేళ్లుగా గురునాథరావు పక్కన పనిచేస్తోంది కాంతం. ఆ పడవలో తన చోటు ఇప్పుడు నిన్న బొంబాయి నుంచి దిగిన రీటాది.

నాలుగింటికి ఫిషింగ్ హార్బర్. ముతక చీరలో, చేపల గంప ముందు కాంతం. గంపలో మంచుకింద వైర్‌లెస్.

"నేనెప్పుడూ పడవ ఎక్కలేదు. సముద్రమంటే భయం. చెయ్యి పట్టుకోరూ?" అంది రీటా. గురునాథరావు వెంటనే పట్టుకున్నాడు. కాంతానికి ఒళ్లు మండింది. ఆమె చూపు రీటా ఎర్ర హైహీల్స్ మీదే ఉంది. ఎంత బాగున్నాయి!

గురునాథరావు బూట్లతోనే పడవలో కాలు పెట్టాడు.

"ఏటి బాబూ, బూట్లతోటి ఎక్కీసినారు?" పడవ నడిపే గురువులు కసిరాడు. "పడవంటే మాకు గంగమ్మ. ఇప్పీండి!"

రీటాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అప్పటికే హైహీల్స్ విప్పి చేత్తో పట్టుకుంది. పడవ అంచును తాకి కళ్లకద్దుకుని ఎక్కింది.

కాంతం గంపలోని వైర్‌లెస్ మీదికి వంగింది. "సార్, రీటా అబద్ధమాడింది. ఈ రేవులో చాలాసార్లు పడవ ఎక్కిన మనిషి. ఫిల్ము తెచ్చేది ఆమే. మన పడవలోనే ఓడకి పోతోంది!"

"కాంతం, ఇది రిపోర్టా, అసూయా?" అన్నాడు చీఫ్.

"రెండూ, సార్."

"ఆధారం లేకుండా ఆపితే నీ ఉద్యోగం పోతుంది."

మోటారు స్టార్టయింది. తాడు విప్పేశారు. కాంతం గంప తన్నేసి జెట్టీ చివరికి పరిగెత్తింది.

"వంజరం! తాజా వంజరం!"

గురునాథరావు గిర్రున తిరిగాడు. రీటా చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్! గురువులు చుక్కాని బలంగా తిప్పాడు. పడవ ఒరిగింది. గుండు గాలిలోకి, రీటా నీళ్లలోకి.

సముద్రమంటే భయమన్న ఆ మనిషి, ఒక చేత్తో హైహీల్స్ పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో ఓడవైపు ఈదసాగింది.

"సెప్పులు ఒగ్గదేటి, బాబూ!" అంటూ గురువులు వల విసిరాడు.

రీటా చెప్పులతో సహా వలలో చిక్కింది. గురునాథరావు ఎడమ చెప్పు మడమ తిప్పితే ఊడింది. లోపల మైక్రోఫిల్ము. దూరంగా ఓడ కూత వేసింది. సరిగ్గా అయిదు.

రిపోర్టులో 'ఎలా కనిపెట్టారు?' అన్నచోట కాంతం 'నిశిత పరిశీలన' అని రాసింది. చీఫ్ ఆ మాట కొట్టేసి, ఎర్ర ఇంకుతో 'అసూయ' అని దిద్ది, కింద ప్రమోషన్‌కు సిఫారసు చేశాడు.