కట్లమామ్మ వేళ్లు

"అత్తయ్యా... పిల్ల వేళ్లు చల్లబడ్డాయి."

కోడలి మాటకి, బెంచీ మీద వరసగా కూర్చున్న ముగ్గురు రోగులూ కబుర్లు ఆపేశారు. నేల మీద చాపలో ఆమె కూతురు, ఎనిమిదేళ్ల పిచ్చుక పళ్లు బిగబట్టి పడుకుని ఉంది. పావుగంట క్రితం మెట్ల పక్క గోడ మీద నుంచి జారుడాట ఆడుతూ కిందపడింది. కుడి మోచేయి పైన ఉబ్బిపోయింది. చెయ్యి ఉండకూడని వంకరలో ఉంది.

అత్తగారు మనవరాలి వేళ్లని గుప్పిట్లోకి తీసుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "వెచ్చగానే ఉన్నాయే. నీకన్నీ అనుమానాలే. నూనె కాచి పట్రా. బద్దలూ, గుడ్డపేలికలూ తియ్యి."

కోడలు లేచింది. ఎముకలు విరిగినవాళ్లకి కట్లు కట్టి అందరిచేతా కట్లమామ్మ అనిపించుకున్న ఆ అత్తగారిని అనుమానించడం ఆమెకీ తేలిక కాదు. పన్నెండేళ్ల క్రితం తన మణికట్టు విరిగినప్పుడు ఇదే చాప మీద పడుకుంది. ఆవిడ వేళ్లు చర్మం మీద నడుస్తుంటే, వాటి చివర కళ్లున్నాయేమో అనిపించింది. మూడోసారి కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు, "ఈ చెయ్యి మావాడికి నచ్చిందట. ఇస్తావా?" అని నవ్వుతూ అడిగింది ఆవిడ. అలా ఈ ఇంటికి కోడలైంది. ఆ మణికట్టుతోనే ఇన్నేళ్లూ బిందెలు మోసింది, బిడ్డని ఎత్తుకుంది. ఒక్కనాడూ నొప్పి అనలేదు. అలాంటి చేతుల్నా తను శంకించేది...

స్టవ్ వెలిగించి భర్తకి ఫోన్ చేసింది. అతను బస్సు డ్రైవరు.

"అమ్మ చూస్తోందిగా, మళ్లీ కంగారెందుకు?"

"వేళ్లు తెల్లబడుతున్నాయండీ. ఆసుపత్రికి..."

"కట్లమామ్మ మనవరాలు ఆసుపత్రికా? నలుగురూ నవ్వుతారు. అమ్మకంటే నీకెక్కువ తెలుసా? బస్సు తీయాలి, ఉంటా."

ఈలోగా నూనె బాగా వేడెక్కిపోయింది. రెండు మడతల గుడ్డతో పట్టుకున్నా గిన్నె అరచేతికి చురుక్కుమంది. తెచ్చి అత్తగారి పక్కన పెట్టి, "కాసేపు ఆగండి, ఇంకా..." అనబోయేలోపే ఆవిడ నాలుగు వేళ్లూ అందులో ముంచింది.

ఉలిక్కిపడలేదు. వెనక్కి లాక్కోలేదు. వేళ్లు ఎర్రబడుతుంటే, తాపీగా మనవరాలి మోచేతి మీదికి వంగింది.

కోడలు ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"నూనె కాలిపోతోంది అత్తయ్యా. మీకు తెలియలేదా?"

కట్లమామ్మ తన వేళ్లని ఎవరివో చూసినట్టు చూసుకుంది. కోడలికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పోయిన నెల ఆవిడ బొటనవేలి మీద బొబ్బ. ఎలా కాలిందంటే, 'ఏమో' అంది. బెంచీ చివర కూర్చున్న పోస్ట్‌మ్యాన్ చీలమండకి మూడుసార్లు కట్టు మార్చినా కుంటు తగ్గలేదు.

"ఎన్నాళ్లనుంచి?"

"నలుగురి ముందు అడగాలా అమ్మాయ్?"

"పిల్ల చెయ్యి పోతే ఎవరి ముందు ఏడవను?"

ఆవిడ తల దించుకుంది. "ఏడాది దాటింది. మొదట చివర్లు మొద్దుబారాయి. రేపటికి తగ్గుతుందిలే అనుకుంటూ వచ్చాను... ఈ వేళ్లు చూసే కదా జనం నన్ను మామ్మా అన్నారు. ఇవి పనికిరావంటే ఇంక నేనెవర్ని?"

కోడలికి ఆవిడని దగ్గరికి తీసుకోవాలనిపించింది. కానీ చాప మీద పిచ్చుక వేళ్లు ఇంకాస్త పాలిపోయాయి.

"ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను అత్తయ్యా. మీరు వద్దన్నా, ఆయన వద్దన్నా." పిల్లని ఎత్తుకోబోయింది.

"అలా ఎత్తకు." కట్లమామ్మ గొంతు మారిపోయింది. "కూర్చో. పోయింది వేళ్లలో స్పర్శే, బుర్రలో తెలివి కాదు. మణికట్టు దగ్గర నాడి చూడు."

"దొరకడం లేదు..."

"మోచేతి మడత కాస్త సడలించు. లాగకు. ఇంకొంచెం."

"అమ్మా..." పిచ్చుక ఏడుపందుకుంది.

"ఏడువు తల్లీ, గట్టిగా ఏడువు. ఇప్పుడు చూడు?"

"వస్తోంది అత్తయ్యా. సన్నగా... వస్తోంది."

"అక్కడే ఆపి బద్ద పెట్టు. కట్టు వదులుగా ఉండాలి. ఇక ఆటో పిలువు. ఇది నా చేతిలో పని కాదు."

పోస్ట్‌మ్యాన్ నెమ్మదిగా లేచాడు. "మామ్మగారూ, మరి నా కాలు...?"

"నీ కాలు నేనే పాడుచేశాను నాయనా. నువ్వూ ఆటో ఎక్కు."

"నయం. నా నడకే అంతేమో అనుకుంటున్నాను," అంటూ కుంటుకుంటూ బయల్దేరాడు.

ఆటో కదలగానే ఆవిడ కోడలి ఫోన్ తీసుకుని కొడుక్కి చేసింది. ఒక్కటే మాట చెప్పింది. "నీ పెళ్లాం మాట విను."

ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ, రక్తనాళం నలుగుతోందనీ, వెంటనే ఆపరేషన్ చెయ్యాలనీ చెప్పింది. బద్ద వైపు చూసింది. "ఇది ఎవరు కట్టారు?"

"నేనే. మా అత్తయ్య చెబుతుంటే కట్టాను."

"బిగించి ఉంటే ఈ చెయ్యి దక్కేది కాదు. ఇంట్లోనే ఇంకాస్త ఉంచినా అంతే."

కట్లమామ్మ తన రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "వీటికి స్పర్శ లేదమ్మా. ముందు మనవరాలి సంగతి చూడు. తర్వాత వీటి సంగతి. ఆ తర్వాత నేను కట్టు కట్టినవాళ్లని ఒక్కొక్కళ్లనీ పంపిస్తాను, వాళ్లనీ చూద్దువుగాని."

సాయంత్రానికి పిచ్చుకని వార్డులోకి తెచ్చారు. ఖాకీ చొక్కాతోనే పరుగెత్తుకొచ్చిన భర్త, మంచం దగ్గర నిలబడి భార్య ముఖంలోకి చూడలేకపోయాడు. "పొద్దున నేను..." అన్నాడు.

"ఉష్... పిల్ల నిద్రపోతోంది," అందామె.

తెల్లటి కట్టులోంచి ఐదు చిన్న వేళ్లు బయటికి కనిపిస్తున్నాయి. కట్లమామ్మ అలవాటుగా చెయ్యి చాపింది. మధ్యలోనే ఆపేసింది. తర్వాత మెల్లగా వంగి, ముడతలు పడ్డ తన చెంపని మనవరాలి వేళ్లకి ఆనించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"వెచ్చగా ఉన్నాయే," అంది.

ఈసారి కోడలు తను ముట్టుకుని చూడలేదు.