నెట్ బాగానే ఉంది

ఎల్బీ నగర్‌లోని ఆ మూడో అంతస్తు ఇంట్లో రోజూ పొద్దున్నే ఒకటే తంతు. డైనింగ్ టేబుల్‌కి అటు వదిన అలేఖ్య, ఇటు మరిది మహేష్, ఇద్దరి ముందూ లాప్‌టాప్‌లు, మధ్యలో అత్త అండాలమ్మ చేసిన ఉప్మా. ఇద్దరిదీ ఒకే కంపెనీ. మహేష్‌ని అందులో చేర్పించింది అలేఖ్యే. ఆ సంగతి అండాలమ్మ అపార్ట్‌మెంట్‌లో చెప్పని మనిషి లేదు.

ఆ రోజు టిఫిన్ సగంలో ఉండగా మహేష్ లాప్‌టాప్ మొరాయించింది. ఆఫీసు చాట్ లేదు, మెయిల్ లేదు, క్లౌడ్‌లో దాచిన ఫైళ్ళు తెరుచుకోవడం లేదు.

"నెట్ పోయిందా వదినా?"

"ఆఁ, నాది గూడ పోయింది," అని అలేఖ్య తన లాప్‌టాప్ సగం మూసేసింది.

పచ్చి అబద్ధం. ఉద్యోగుల ఖాతాలు తెరవడం, మూయడం ఆమె పని. కంపెనీ తీసేస్తున్నవాళ్ళలో మహేష్ కూడా ఉన్నాడని నిన్న సాయంత్రమే చెప్పారు. హెచ్చార్ వాళ్ళు ఫోన్ చేసేదాకా నోరు మెదపొద్దన్నారు. ఆమె మెదపలేదు. ఎదురుగా కూర్చుని అతను పచ్చడి వేసుకుంటుంటే, అతని పేరు మీద నొక్కి ఖాతా మూసేసింది.

పాపం, మహేష్ స్టూలెక్కి రూటర్ వైర్లు పీకి పెడుతున్నాడు. "జర ఆగు బిడ్డా, పడుతవ్," అంటూ అండాలమ్మ స్టూలు పట్టుకుంది. కింది వీధిలో ఉండే నెట్ మనిషి తిరుపతికి ఫోన్ చేసింది కూడా ఆవిడే. అలేఖ్య చెప్పెయ్యాలని రెండుసార్లు నోరు తెరిచి, మంచినీళ్ళు తాగింది.

తిరుపతి వచ్చి చూశాడు. "నెట్ బాగనే ఉందమ్మా. లైన్ల ఏం తేడా లేదు," అని వెళ్ళిపోయాడు.

అప్పుడే అలేఖ్య లాప్‌టాప్ టింగుమంది. వెంటనే ఇంకోటి.

"వదినా, నీకు మెసేజ్‌లు వస్తున్నయి గద." మహేష్ మెల్లగా స్టూలు దిగాడు. "నన్ను తీసేసిండ్రా?"

"నేనే తీసేసిన మహేష్. నా చేతులతోనే. చెప్పొద్దన్నరు."

అండాలమ్మ కుర్చీలో కూలబడింది. "ఒక్క ఇంట్ల ఉండి, పిల్లగాడు గట్ల తిప్పలు పడుతుంటె చూసుకుంట కూసున్నవా? ఆదివారం తుర్కయంజాల్ నుంచి పిల్ల తరఫోళ్ళు సంబంధానికి వస్తుండ్రు. ఏం ముఖం పెట్టుకొని మాట్లాడాలె?"

"నీ పని నువ్వు చేసినవ్ వదినా, దానికేమంటలేను," అన్నాడు మహేష్. "నాది గూడ పోయింది అన్నవ్ చూడు. నేను నమ్మిన."

ఆ మాటకి అలేఖ్య ఏడుపు ఆపుకోలేకపోయింది. "భయమైంది. నీ ముఖం చూడలేకపోయిన."

మహేష్ ఫోన్ మోగింది, హెచ్చార్ వాళ్ళు. బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వచ్చి, ఎదురు కుర్చీలో కాకుండా అలేఖ్య పక్కన కూర్చున్నాడు.

"ఆళ్ళను రానీ అమ్మా. ఉద్యోగం పోయిందనే చెప్దాం."

"ఎవరు చెప్తర్రా?"

"వదిన చెప్తది." ఆమె వైపు తిరిగాడు. "ఈసారన్న చెప్తవా వదినా?"

"చెప్త," అంది అలేఖ్య కళ్ళు తుడుచుకోకుండానే. "నీ పక్కనే కూసోని చెప్త."

అండాలమ్మ చల్లారిన ఉప్మా పట్టుకెళ్ళి వేడిచేసుకొచ్చి, ముందు కోడలి ప్లేటులో పెట్టింది.